పెద్ద బ్యాండ్‌సా బ్లేడు: అతకడం, బిగువు పట్టడం, మోయడం

హైదరాబాద్‌లో బోయిగూడ, ముషీరాబాద్ వైపు టింబర్ డిపోల్లో దుంగ వంకరగా తెగిన ప్రతిసారీ ముందుగా వినిపించే మాట ఒక్కటే: పళ్లు పోయాయి, సాన పట్టించండి. పైనా కిందా ఉన్న రెండు చక్రాల మీద తిరిగే పళ్ల ఉక్కు పట్టీయే బ్యాండ్‌సా బ్లేడు. దాన్ని దింపుతారు, సాన పట్టిస్తారు, తిరిగి ఎక్కిస్తారు, అరగంటలో పలక మళ్లీ అలలు అలలుగా వస్తుంది. ఇన్నేళ్లుగా బ్లేడు గదిలో పనిచేసిన అనుభవంతో నేను గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, వెడల్పాటి బ్లేడు విషయంలో పదింట ఏడెనిమిది సార్లు తప్పు పంటిలో ఉండదు, ఒంటిలో, అంటే పళ్ల వెనకున్న ఉక్కు పట్టీలో ఉంటుంది. ఆ ఒంటిని ఎలా తయారుచేయాలో, ఎలా మోయాలో, ఎప్పుడు వదిలేయాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. ఇది 100 నుంచి 250 మిల్లీమీటర్ల వెడల్పుండే, దుంగలు కోసే మిషన్ల బ్లేడ్ల గురించి మాత్రమే. వడ్రంగి దుకాణంలో ఉండే సన్నని బ్లేడ్లకు ఇందులో సగం మాటలు వర్తించవు.

ముందు లెక్క

బ్లేడు మందం చక్రం వ్యాసంలో వెయ్యో వంతును మించకూడదన్నది పాత సూత్రం, ఇప్పటికీ చెల్లుతున్న సూత్రం. చక్రం వ్యాసం 1200 మిల్లీమీటర్లయితే మందం 1.2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అంటే బజారులో 19 గేజీ అని అమ్మే 1.07 మిల్లీమీటర్ల పట్టీ సరిపోతుంది. ఎక్కువ మందం ఉంటే ఎక్కువ కాలం మన్నుతుందని చాలామంది యజమానులు 16 గేజీ, అంటే 1.65 మిల్లీమీటర్ల పట్టీ అడుగుతారు. బ్లేడు చక్రం మీద వంగినప్పుడు దాని ఉపరితలం మీద పడే ఒత్తిడి మందాన్ని బట్టి పెరుగుతుంది. 1200 చక్రం మీద 19 గేజీకి అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 187 న్యూటన్లు ఉంటే, 16 గేజీకి దాదాపు 289 అవుతుంది. లావు బ్లేడు బలంగా కనిపిస్తుంది గానీ ముందుగా పగిలేది అదే.

పొడవుకు లెక్క సులభం: చక్రం చుట్టుకొలత, దానికి రెండు ఇరుసుల మధ్య దూరానికి రెట్టింపు కలపాలి. 1200 చక్రాలు, ఇరుసుల మధ్య 2 మీటర్ల దూరం ఉంటే బ్లేడు పొడవు 7.77 మీటర్లు వస్తుంది. పై చక్రాన్ని దాని కదలిక మధ్యలో నిలిపి ఈ దూరం కొలవండి. అది పూర్తిగా కిందకు దిగి ఉన్నప్పుడు కొలిస్తే బ్లేడు పొట్టిదై ఎక్కడం కష్టమవుతుంది, పూర్తిగా పైకి లేచి ఉన్నప్పుడు కొలిస్తే బిగించడానికి చోటు మిగలదు. ఈ బ్లేడు సెకనుకు 40 మీటర్ల వేగంతో పరుగెత్తితే సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు రెండుసార్లు వంగి తిన్నగా అవుతుంది, అంటే గంటకు 37,000 వంపులు. ఈ సంఖ్యను ఒకసారి మనసులో పెట్టుకుంటే, కంటికి ఆనని గీత సాయంత్రానికి పగులుగా ఎలా మారుతుందో ఎవరూ వేరుగా చెప్పనవసరం లేదు.

ఉక్కు ఎంచుకునేటప్పుడు కఠినత్వం ఒక్కదాన్నే చూడకండి. మంచి దుంగకోత పట్టీల్లో కార్బన్ 0.75 శాతం దాకా, నికెల్ 2 శాతం దాకా ఉంటాయి. విరగకుండా వంగి లేచే గుణం ఆ నికెల్ వల్ల వస్తుంది.

చుట్ట విప్పడం

కొత్త పట్టీ చుట్టగా కట్టి వస్తుంది. ఆ చుట్ట అణచిపెట్టిన స్ప్రింగు. నేను పనిచేసిన ఒక మిల్లులో లారీ వెళ్లిపోవాలన్న తొందరలో, చేతికి తొడుగు కూడా లేని కుర్రాడి చేత కట్టు తెంపించారు. అతడు చుట్టకు ఎదురుగా నిలబడి, బయటి చివర ఎటు విప్పుకుంటుందో చూసుకోకుండా తెంపాడు. పట్టీ చివర లేచి మోచేతి కింది నుంచి మణికట్టు దాకా చీల్చింది. తప్పు ఆ కుర్రాడిది కాదు, ముందు ఎవరూ చెప్పకపోవడానిది. అందుకే ఈ పనిని నేను ఇద్దరు లేకుండా మొదలుపెట్టనివ్వను.

చుట్టను నేల మీద పడుకోబెట్టి, బయటి చివరను రెండో మనిషి తోలు తొడుగులున్న చేతులతో, మోకాలి కింద చెక్క ముక్క అడ్డుపెట్టి నొక్కి పట్టాలి. కట్టు తెంపే మనిషి పక్కన నిలబడాలి, పట్టీ విప్పుకునే వైపు ఎప్పుడూ నిలబడకూడదు. ఒక్కో కట్టునే తెంపాలి. ప్రతి కట్టు తరువాత చుట్ట ఎంత వదులైందో చూసి, కొద్దికొద్దిగా వదులుతూ పట్టీని గోడ వెంబడి పరచాలి. కళ్లద్దాలు తప్పనిసరి, ఎందుకంటే ఇనుప కట్టు తెగినప్పుడు దాని కొస ముఖం వైపే ఎగురుతుంది.

అతుకు

బ్యాండ్‌సా ఆలోచనకు ఇంగ్లండులో విలియం న్యూబెర్రీ 1808లోనే పేటెంటు పొందాడు, కానీ గుండ్రంగా కలిపిన పట్టీ వంపులకు తట్టుకోక అతుకు దగ్గరే తెగుతుండేది. 1846లో ఫ్రాన్సులో ఆన్ పొలిన్ క్రెపాన్ అనే మహిళ అతికే పద్ధతికి పేటెంటు పొంది, దాన్ని పారిస్‌లోని పెరిన్ సంస్థకు అమ్మాకే ఈ యంత్రం నిజంగా పనికొచ్చింది. నాలుగు దశాబ్దాలు ఒక యంత్రాన్ని ఆపింది మనం రోజూ అతికే ఆ ఒక్క గీతే.

పట్టీని కోసేటప్పుడు మూలమట్టాన్ని వీపు అంచుకు, అంటే పళ్లు లేని అంచుకు ఆనించి గీత గీయాలి, పళ్ల వైపు ఆనించకూడదు. గీత పళ్ల మధ్య గుంత అడుగున పడకుండా, పంటి వీపు మీద సగంలో పడేలా చూడండి. బ్లేడులో ఒత్తిడి ఎక్కువగా పేరుకునేది గుంత అడుగునే కాబట్టి అక్కడ అతుకు ఉండకూడదు. పళ్ల దూరం అతుకు దగ్గర కూడా సమానంగా కొనసాగాలి. పళ్లు లెక్కపెట్టి, పొడవును ఒక పంటి మేరకు అటో ఇటో సర్దుకోవడం తప్పు కాదు, దూరం చెడగొట్టడం తప్పు.

వెండి టంకంతో అతికే పాత పద్ధతిలో రెండు చివరలనూ 10 నుంచి 12 మిల్లీమీటర్ల మేర ఏటవాలుగా అరగదీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, మధ్యలో వెలిగారం, వెండి రేకు పెట్టి వేడిచేస్తారు. ఓపిక ఉన్న చేతిలో ఇది చాలా మంచి అతుకు. ఇప్పుడు ఎక్కువ చోట్ల టిగ్ వెల్డింగుతో, అంటే వాయువు కాపులో చేసే కరెంటు వెల్డింగుతో, చివరకు చివర కలుపుతున్నారు. ఏ పద్ధతైనా రెండు చివరల వీపు అంచులను తిన్నటి ఇనుప పట్టీకి ఆనించి బిగించాకే వేడి తగలనివ్వాలి. ఇక్కడ అర మిల్లీమీటరు వంకర ఉంటే మిషను మీద బ్లేడు ప్రతి చుట్టుకూ ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

వెల్డింగ్ అయిన వెంటనే ఆ చోటు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేసి సుత్తితో తట్టితే టప్‌మని విరిగిపోతుంది. కాబట్టి ఆ భాగాన్ని మంటతో మళ్లీ వేడిచేయాలి. నీడలో నిలబడి చూస్తే మసక ఎరుపు అప్పుడే కనిపించే స్థాయి దాకా తెచ్చి, మంటను ఒక్కసారిగా తీసేయకుండా కొంచెం కొంచెం దూరం జరుపుతూ చల్లారనివ్వాలి. ఎండలో ఆ ఎరుపు కనిపించదు. ఎండలో చేసేవారు తమకు తెలియకుండానే ఎక్కువ వేడి పెడతారు. నీళ్లు పోయడం, తడిగుడ్డ వేయడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. చల్లారాక అతుకు బుడిపెను బ్లేడు పొడవు దిశలోనే రాపాలి. అడ్డంగా రాపితే పడే ప్రతి గీతా ఒక పగులుకు విత్తనం. చివరగా మైక్రోమీటరుతో మందం చూడండి. అతుకు పక్క ఉక్కు కంటే పలచనైతే దాన్ని కోసేసి మళ్లీ అతకడమే మార్గం.

బిగువు

ఇక అసలు సంగతి. మన మిల్లుల్లో రెండు వేర్వేరు విషయాలను టెన్షన్ అనే ఒకే మాటతో పిలుస్తారు. మిషను మీద పై చక్రాన్ని లేపి ఇచ్చేది లాగుడు. బల్ల మీద రోలరుతో (పట్టీని రెండు చిన్న ఉక్కు చక్రాల మధ్య నొక్కే పరికరంతో), సుత్తితో బ్లేడు ఒంట్లో పెట్టేది బిగువు. లాగుడు ఎంత ఇచ్చినా బిగువు లేని బ్లేడు తిన్నగా కోయదు. కారణం ఏమిటంటే కోతలో పళ్ల అంచు వేడెక్కి సాగుతుంది. సాగిన అంచు వదులై దుంగలో ఇటూ అటూ తప్పుకుంటుంది. బ్లేడు మధ్యభాగాన్ని ముందే కొద్దిగా సాగదీసి ఉంచితే, మిషను లాగుడు ఎక్కువగా రెండు అంచుల మీదే పడుతుంది, పళ్ల అంచు వేడెక్కాక కూడా వదులు కాదు.

ముందు చదును చేయాలి. బ్లేడును చదునైన ఇనుప బల్ల మీద పరిచి, తిన్నటి పట్టీని అడ్డంగా, ఐమూలగా, నిలువుగా పెడుతూ గడ్డలు, గుంటలు వెతికి సుద్దతో గుర్తు పెట్టాలి. గడ్డను నున్నని దాగలి మీద గుండ్రటి ముఖమున్న సుత్తితో మెల్లగా, ఎక్కువసార్లు తట్టాలి. ఒక్క దెబ్బతో దించాలని చూస్తే గడ్డ పోయి దాని చుట్టూ కొత్త గుంట తయారవుతుంది. చదును చేయని బ్లేడును రోలరులో పెట్టవద్దు, ఎందుకంటే రోలరు ఉన్న లోపాన్ని పొడవునా పరుస్తుంది.

తరువాత రోలరు. మొదటి గీత సరిగ్గా మధ్యలో, ఆపై రెండు పక్కలకూ 15 నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో ఒక్కో గీత చొప్పున, అంచుల వైపు వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గిస్తూ తిప్పాలి. పళ్ల గుంతల అడుగు నుంచీ వీపు అంచు నుంచీ కనీసం 20 మిల్లీమీటర్లు వదిలేయాలి. అంచును సాగదీస్తే మనం చేసిందంతా మనమే చెరిపినట్లు. ఒకేసారి గట్టిగా నొక్కడం కంటే తక్కువ ఒత్తిడితో రెండు విడతలు తిప్పడం మేలు.

నాకు ఈ పని నేర్పిన ఉస్తాద్ బ్లేడు చేతికి రాగానే పళ్ల వైపు చూసేవాడు కాదు. నన్ను బ్లేడు అవతల కూర్చోబెట్టి, టార్చి పట్టించి, బ్లేడును చేత్తో కొంచెం ఎత్తి వంపు వచ్చేలా పట్టుకుని, తిన్నటి ఇనుప పట్టీని అడ్డంగా ఆనించి, "వెలుతురు చూపించు" అనేవాడు. బిగువున్న బ్లేడును పొడవునా వంచితే దాని మధ్యభాగం కిందకు దిగుతుంది, పట్టీ అంచుల దగ్గర ఆని మధ్యలో సన్నని నెలవంకలా వెలుతురు కనిపిస్తుంది. ఆ నెలవంక రెండు పక్కలా సమానంగా, అంచు దాకా నునుపుగా సన్నబడుతూ పోవాలి. ఒక పక్క లావుగా ఉంటే అటువైపు ఎక్కువ సాగినట్లు, మధ్యలో పట్టీ తగిలితే అక్కడ బిగువు లేనట్లు. అరమీటరుకోసారి ఆగి చూడాలి, అతుకు దగ్గర మాత్రం నాలుగు వేళ్లకోసారి చూడాలి, ఎందుకంటే వెల్డింగ్ వేడికి అక్కడి బిగువు పూర్తిగా పోయి ఉంటుంది. కోత వంకర పోతోందని నా దగ్గరకు తెచ్చిన బ్లేడ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే లోపం: ఒళ్లంతా చక్కగా ఉండి, అతుకు దగ్గర జానెడు మేర వెలుతురే లేకపోవడం.

చివరి పని వీపు. 1.5 మీటర్ల తిన్నటి పట్టీని వీపు అంచుకు ఆనిస్తే మధ్యలో ఆని, రెండు కొసల వైపూ కొద్దిపాటి ఖాళీ కనిపించాలి. మొత్తం ఉబ్బు 0.4 మిల్లీమీటరు దాకా చాలు. వీపు పొడవు ఇలా కొంచెం ఎక్కువగా ఉంటే చక్రం మీద పళ్ల అంచు బిగుతుగా ఉంటుంది. ఇది కూడా ఖాళీలో సన్నని రేకులు దూర్చి చూసే ఫీలర్ గేజీతో కొలవాల్సిందే, కంటి అంచనా పనికిరాదు.

పళ్ల గురించి క్లుప్తంగా

గట్టి కలపకు పంటి ముందు ముఖం వాలు 15 నుంచి 20 డిగ్రీలు, మెత్తటి కలపకు 25 నుంచి 30 డిగ్రీలు ఉంటే బాగుంటుంది. గుంత అడుగు గుండ్రంగా ఉండాలి, మూల తేలకూడదు. పంటి మొనను నొక్కి రెండు పక్కలా వెడల్పు చేస్తే, పళ్లను ఒకటి కుడికీ ఒకటి ఎడమకూ వంచడం కంటే ఈ పెద్ద బ్లేడ్లకు కోత నునుపుగా వస్తుంది. సాన రాయిని గట్టిగా ఒత్తి పళ్లను నీలం రంగుకు తెస్తే ఆ పళ్ల కింద పగుళ్లు ఖాయం. నగరంలో కొట్టిన చెట్లలో, ముఖ్యంగా రోడ్డు పక్క నిద్రగన్నేరు, వేప, తురాయి దుంగల్లో, బోర్డులు కొట్టిన మేకులు, కట్టిన తీగలు బెరడు లోపలికి పోయి ఉంటాయి. మెటల్ డిటెక్టరుతో వాటిని చూడకుండా బల్ల ఎక్కించడం అంటే పైన చెప్పిన పనంతా ఒక్క నిమిషంలో పోగొట్టుకోవడమే.

మోయడం, ఎక్కించడం

150 మిల్లీమీటర్ల వెడల్పుతో పైన చెప్పిన 7.77 మీటర్ల బ్లేడు బరువు 10 కిలోలకు కొంచెం తక్కువే. బరువు తక్కువ కదా అని ఒక్కరే భుజాన వేసుకుంటారు, ప్రమాదం అక్కడే మొదలవుతుంది. కష్టపెట్టేది బరువు కాదు, ఊగే పొడవు. ముగ్గురు కావాలి: ఇద్దరు రెండు కొసల వంపుల దగ్గర, ఒకరు మధ్యలో. అడుగు వేసే ముందు, తిరిగే ముందు ఒకరే గొంతెత్తి చెప్పాలి, మిగతా ఇద్దరూ వినాలి. పాత రబ్బరు నీళ్ల గొట్టాన్ని నిలువుగా చీల్చి పళ్లకు తొడగండి, దీనికి ఖర్చు లేదు, పళ్లకూ చేతులకూ రెండింటికీ రక్ష. 250 మిల్లీమీటర్ల వెడల్పు, 17 గేజీ, 10.7 మీటర్ల బ్లేడు బరువు 31 కిలోల దాకా వస్తుంది. దానికి గొలుసుతో బరువులెత్తే చైను బ్లాకు, వెడల్పాటి చెక్క కొక్కేలు తప్ప మనుషుల చేతులను నమ్ముకోవద్దు.

సన్నని బ్లేడులా మూడు చుట్లుగా మడవడం 100 మిల్లీమీటర్ల దాకా ఇద్దరు అలవాటైన మనుషులు చేయవచ్చు. అంతకు మించిన వాటిని నేను మడవనివ్వను, ఎందుకంటే మడతలో ఒక్కచోట పడే నొక్కు మళ్లీ ఎంత తట్టినా పూర్తిగా పోదు. వేలాడదీయడానికి మేకు వాడకూడదు. అరచక్రం ఆకారంలో చెక్కిన లావుపాటి చెక్క మీద వేలాడదీయాలి. వానాకాలంలో పలచగా నూనె పూసి ఉంచాలి, లేకపోతే తుప్పు తిన్న చుక్క దగ్గరే పగులు పుడుతుంది.

ఎక్కించే ముందు మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకోండి. చక్రాలు కరెంటు ఆగాక కూడా చాలాసేపు తిరుగుతాయి, పూర్తిగా ఆగేదాకా తలుపు తెరవవద్దు. బ్లేడు పళ్లు బల్ల వైపు కిందకు చూడాలి. పైకి చూస్తుంటే బ్లేడు లోపలి వైపు బయటకు తిరిగిందని అర్థం. గుంతల అడుగు చక్రం ముందు అంచు దాటి 5 మిల్లీమీటర్లు బయట ఉండాలి. ఆ తరువాత లాగుడు ఇచ్చి, చేత్తో రెండు చుట్లు తిప్పి చూసి, తలుపులు మూసి, దుంగ లేకుండా ఐదు నిమిషాలు నడపాలి. మోసేటప్పుడు తప్పనిసరైన చేతి తొడుగులను మిషను నడిచేటప్పుడు తప్పనిసరిగా తీసేయాలి.

వేడి, లాగుడు

150 మిల్లీమీటర్ల బ్లేడులో పళ్లను వదిలేస్తే లాగుడును మోసే ఉక్కు సుమారు 144 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటరుకు 100 న్యూటన్లు ఇస్తే, రెండు పక్కలా కలిపి చక్రాల మధ్య పడే బలం దాదాపు 3 టన్నులు. ఇంత లాగుడుకు 7.77 మీటర్ల బ్లేడు సాగేది 3.7 మిల్లీమీటర్లే. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, కోత వేడికి బ్లేడు మొత్తం 30 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. ఆ వేడికే అది 2.8 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పై చక్రం తనంతట తాను లేవని స్క్రూ మిషను అయితే ఇచ్చిన లాగుడులో నాలుగింట మూడు వంతులు మాయమైనట్లే. పొద్దున బాగా కోసిన బ్లేడు మధ్యాహ్నం ఎందుకు మొరాయిస్తుందో ఈ రెండు అంకెలు చెబుతాయి. బరువు వేలాడే మీట ఉన్న మిషన్లలో చక్రం బ్లేడుతో పాటే లేస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు. స్క్రూ మిషను ఉన్నవారు వేడెక్కాక ఆపి, సరిచూసి, మళ్లీ బిగించాలి. భోజనానికి ఆపినప్పుడూ సాయంత్రం ఆపినప్పుడూ లాగుడు తీసేయాలి. వేడి మీద బిగించిన బ్లేడు చల్లారుతూ కుదించుకుంటే ఆ బలమంతా ఇరుసుల మీదా అతుకు మీదా పడుతుంది. మూడు నాలుగు గంటల కోతకొకసారి బ్లేడు మార్చడం దుబారా కాదు.

పగులు చూడటం, వదిలేయడం

దింపిన ప్రతి బ్లేడునూ కిరోసినుతో తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టి, గుంతల వెంబడి సుద్దపొడి అద్ది పది నిమిషాలు వదిలేయండి. పగుల్లో దాగిన కిరోసిను సుద్దలోకి ఊరి వెంట్రుకంత నల్లని గీతగా కనిపిస్తుంది. 10 మిల్లీమీటర్ల లోపు పగులైతే దాని కొసకు సరిగ్గా ముందు రెండు వైపుల నుంచీ సెంటర్ పంచుతో (మొనదేలిన ఉక్కు ఉలితో) గట్టి చుక్క కొట్టి ఆపవచ్చు, ఆ చుక్కను ప్రతి మార్పుకూ చూస్తుండాలి. బ్లేడు వెడల్పులో పదో వంతు దాటిన పగులును పంచుతో సరిపెట్టవద్దు, ఆ భాగం కోసి మళ్లీ అతకాలి. ఒకే జానెడులో మూడు పగుళ్లు కనిపిస్తే బ్లేడు అలసిపోయింది.

అలసిన బ్లేడును అమ్మేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. జుమ్మెరాత్ బజారులో ఈ ఉక్కును కత్తులకూ కొడవళ్లకూ కొనుక్కునేవారున్నారు, కానీ నిండు బ్లేడును ఎవరికీ ఇవ్వకండి. గుండ్రంగా ఉన్న బ్లేడును తెంపే ముందు తెంపే చోటుకు రెండు పక్కలా బరువులు పెట్టి లేదా బిగించి, అప్పుడు గ్రైండరు పెట్టండి. తెగిన మరుక్షణం రెండు కొసలూ విడిపోయి ఎగురుతాయి. అరమీటరు ముక్కలు చేసి, పళ్లు లోపలికి ఉండేలా జతలు జతలుగా ఎదురెదురు పెట్టి, తీగతో రెండు చోట్ల కట్టి ఇవ్వండి.